కుక్క, నేల, పురుగు: నగరంలో పరాన్నజీవుల దారులు

నగరాల్లో వీధి కుక్కల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ కాటుతో మొదలై రేబిస్‌తో ముగుస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత మనిషి బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం కనుక ఆ భయానికి మొదటి పీట దక్కడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే కుక్క మనిషిని కరవకుండా, మీదికి రాకుండా, కనీసం ఎదురుపడకుండా కూడా రోగం అంటగట్టే దారులు మరికొన్ని ఉన్నాయి. కాలనీ పార్కులో పిల్లలు ఆడుకునే ఇసుక, బడి ఆవరణలో చెట్టు నీడన ఉండే తడి మట్టి, సముద్రపు ఒడ్డున అలలు అందని మెట్ట ఇసుక, మార్కెట్ వెనక మాంసపు వ్యర్థాలు పడే సందు ఆ దారుల్లో ముఖ్యమైనవి. వాటి వెంట ప్రయాణించేవి పరాన్నజీవులు, అంటే మరొక జీవి దేహంలో చేరి ఆ దేహం సమకూర్చుకున్న ఆహారంతోనే బతికే ప్రాణులు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు కోటి యాభై మూడు లక్షలు. ఈ సంఖ్యను చూసి కుక్కలు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అని వాదించుకోవడం తేలిక. పరాన్నజీవుల విషయంలో మాత్రం కుక్కల సంఖ్య కన్నా అవి ఏం తింటున్నాయి, ఎక్కడ మలం విసర్జిస్తున్నాయి, ఆ మలం ఎన్నాళ్లు అక్కడే పడి ఉంటోంది అన్న మూడు ప్రశ్నలకే బరువు ఎక్కువ.

ఈ పురుగుల్లో ప్రపంచమంతటా కనిపించేది టాక్సోకారా కేనిస్. మనుషుల పేగుల్లో పెరిగే ఏలికపాముకు ఇది దగ్గరి బంధువు. కుక్క చిన్నపేగులో పెరిగే ఆడపురుగు పద్దెనిమిది సెంటీమీటర్ల దాకా సాగి, రోజుకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. ఒక్కో గుడ్డు పరిమాణం మిల్లీమీటరులో పన్నెండో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అది మామూలు కంటికి ఆనదు. సూక్ష్మదర్శిని కింద మాత్రం అది ముదురు గోధుమరంగులో, ఇంచుమించు గుండ్రంగా, దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగు మీద ఉండే గుంటల వంటి గుంటలతో నిండిన మందపాటి పెంకుతో కనిపిస్తుంది. ఈ పెంకే ఆ పురుగు బలం. పెంకు పైపొర జిగురుగా ఉండడంతో గుడ్డు మట్టి రేణువులకు, గోళ్లకు, బొమ్మలకు, కుక్క వెంట్రుకలకు అతుక్కుంటుంది. పెంకు లోపలి పొరలు రసాయనాలను లోనికి రానివ్వవు కనుక, పురపాలక సిబ్బంది వీధుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు గానీ, జేబులో పెట్టుకు తిరిగే శానిటైజరు గానీ ఆ గుడ్డును చంపలేవు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. కుక్క మలంతో బయటపడిన క్షణంలో టాక్సోకారా గుడ్డు ఎవరికీ హాని చేయలేదు. దానిలో డింభకం, అంటే పురుగు పిల్లదశ, తయారు కావడానికి తేమ, నీడ, తగిన వెచ్చదనం ఉన్న నేలలో కనీసం రెండు మూడు వారాలు, వాతావరణం చల్లబడితే అంతకు మించి పడుతుంది. డింభకం తయారైన తర్వాతే ఆ గుడ్డు రోగకారకమవుతుంది. అక్కడి నుంచి తడి ఆరని నేలలో నెలల తరబడి, పరిస్థితులు అనుకూలిస్తే ఏళ్ల తరబడి సజీవంగా ఉండగలదు. ఇవాళ కంటపడి ముక్కు మూసుకునేలా చేసే మలం కంటే, నెల కిందట పడి, వానకు కరిగి, మట్టిలో కలిసిపోయి, ఇప్పుడు ఎవరి కంటికీ కనిపించని మలమే పిల్లలకు ఎక్కువ ప్రమాదకరం. ఈ ఆలస్యమే నగరానికి ప్రకృతి ఇచ్చిన గడువు. మలాన్ని రెండు మూడు రోజుల్లోపు ఎత్తి తీసేసే ఏర్పాటు ఉన్న పార్కులో ఈ పురుగు బతుకుచక్రం నేల మీదనే తెగిపోతుంది.

కుక్క దేహంలో ఈ పురుగు నడిపే బతుకు అంతకంటే చిత్రమైనది. ఈడొచ్చిన కుక్క ఒక గుడ్డును మింగితే, అందులోంచి వచ్చిన డింభకం చాలావరకు పేగులో పెద్ద పురుగుగా ఎదగకుండా, కండరాల్లోనూ ఇతర అవయవాల్లోనూ నిద్రాణంగా ఉండిపోతుంది. ఆ కుక్క చూలు కట్టినప్పుడు, గర్భం చివరి వారాల్లో ఆ డింభకాలు మేలుకొని, మాయ గుండా పిల్లల దేహాల్లోకి చేరతాయి. పుట్టిన తర్వాత మరికొన్ని తల్లిపాల ద్వారా వెళ్తాయి. అంటే వీధిలో పుట్టే కుక్కపిల్ల కళ్లు తెరవకముందే పురుగులను మోస్తూ లోకంలోకి వస్తుంది. దానికి మూడు వారాలు నిండేసరికి మలంలో గుడ్లు పడడం మొదలవుతుంది. గోడవార గోనెపట్ట మీద ముడుచుకున్న ఆ పిల్లల పొట్టలు ఉబ్బి, వెంట్రుకలు మొద్దుబారి కనిపించడానికి ఆకలి ఒక కారణమైతే పురుగులు మరొకటి. ఈ భారానికే చనిపోయే పిల్లలూ ఉంటాయి. పెద్ద కుక్కలను చూసి పరుగెత్తే పిల్లలు ఈ కూనలను చూస్తే ఆగి, ఒళ్లోకి తీసుకుంటారు. నేలను గుడ్లతో నింపడంలో పెద్దవాటా ఈ కూనలదీ, వాటికి పాలిచ్చే తల్లిదీ అన్నది పశువైద్యులకు కొత్త సంగతి కాదు. అయినా కుక్కల సమస్య అనగానే వలలు పట్టుకొని వెళ్లే సిబ్బంది దృష్టి మొరిగే పెద్ద కుక్క మీదనే ఉంటుంది.

మనిషి ఈ పురుగుకు సరైన అతిథేయి కాడు. అతిథేయి అంటే పరాన్నజీవికి ఆశ్రయమిచ్చే జీవి. మట్టి అంటిన చేతి ద్వారా, సరిగా కడగని ఆకుకూర ద్వారా గుడ్డు మనిషి కడుపులోకి చేరితే, డింభకం పేగు గోడను తొలుచుకొని రక్తంలో పడుతుంది గానీ పెద్ద పురుగుగా ఎదగలేదు. దారి తెలియని ఆ డింభకం కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, కొన్నిసార్లు మెదడులో, కంటిలో తిరుగుతూ, వెళ్లిన చోటల్లా వాపు పుట్టిస్తుంది. చాలామందిలో ఇది ఏ లక్షణమూ లేకుండా గడిచిపోతుంది; కొందరు పిల్లల్లో మాత్రం వదలని జ్వరం, దగ్గు, పిల్లికూతలు, కాలేయం పెరగడం, రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా హెచ్చడం కనిపిస్తాయి. 1952లో అమెరికాకు చెందిన పరాన్నజీవి శాస్త్రవేత్త పాల్ చెస్టర్ బీవర్, ఆయన సహచరులు ఈ వ్యాధి చిత్రాన్ని స్పష్టంగా గుర్తించి వర్ణించారు. అంతకు రెండేళ్ల ముందే, 1950లో, హెలెనార్ వైల్డర్ అనే రోగనిర్ధారణ నిపుణురాలు మరొక చేదు నిజాన్ని వెలికితీశారు. రెటీనాలో క్యాన్సర్ గడ్డ ఉందనే అనుమానంతో, లేదా అటువంటి తీవ్ర కారణాలతో, శస్త్రచికిత్స చేసి తీసేసిన నలభై ఆరు కళ్లను ఆమె పొరలు పొరలుగా కోసి పరీక్షించగా, ఇరవై నాలుగింటిలో పురుగు డింభకాలో వాటి అవశేషాలో కనిపించాయి. ఆ డింభకాల్లో కొన్ని టాక్సోకారావే అన్నది తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఒక్క పురుగు పిల్ల, అదీ కంటికి ఆనని పరిమాణంలో ఉన్నది, ఒక బిడ్డ చూపును తీసేయగలదని వైద్యలోకానికి అర్థమైంది అప్పుడే.

పేగుల్లో పెద్ద పురుగు ఉండదు కాబట్టి ఈ వ్యాధి ఉన్న బిడ్డ మలపరీక్షలో ఏమీ కనిపించదు. రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే ఎలైజా పరీక్ష చేయిస్తేనే ఆచూకీ దొరుకుతుంది. ఆ పరీక్ష రాయాలంటే వైద్యుడికి ముందు ఆ అనుమానం రావాలి. దేశంలో 2015 నుంచి ఫిబ్రవరిలో, ఆ తర్వాతి కాలంలో ఆగస్టులో కూడా జరుగుతున్న నులిపురుగుల నివారణ దినోత్సవం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఎంతో మేలు చేసింది, చేస్తోంది. అయితే అది మనుషుల పేగుల్లో పెరిగే పురుగులను ఉద్దేశించినది. కణజాలంలో దాగిన టాక్సోకారా డింభకానికి అదే మందును రోజుల తరబడి, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసి ఉంటుంది. ఏడాదికి రెండు మాత్రలు మింగించాం కనుక మట్టితో వచ్చే పురుగుల భయం తీరిపోయిందనుకోవడం సరికాదు.

కొంకిపురుగుల దారి వేరు. వాటి డింభకానికి నోటితో పని లేదు; వట్టి పాదం చాలు. ఈ సంగతి బయటపడిన తీరు వైద్య చరిత్రలో ప్రసిద్ధం. కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ కొంకిపురుగు డింభకాలున్న నీటితో ప్రయోగాలు చేస్తుండగా ఒక చుక్క చేతి మీద పడింది, ఆ చోట మంట, దురద, ఎరుపు మొదలయ్యాయి, కొన్ని వారాల తర్వాత ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. చర్మం ద్వారా కూడా పురుగు దేహంలోకి ప్రవేశిస్తుందని లూస్ 1898లో ప్రకటించినప్పుడు నమ్మినవారి కంటే నమ్మనివారే ఎక్కువ. మనుషుల కొంకిపురుగు మీద జరిగిన ఆ పరిశీలన కుక్కల కొంకిపురుగులకూ వర్తిస్తుంది, ఒక తేడాతో. ఆంకైలోస్టోమా బ్రెజిలియన్సే అనే జాతి డింభకం మనిషి పైచర్మాన్ని దాటి లోతుకు పోలేక, చర్మం పొరల మధ్యే రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దాకా వంకరటింకర గీత గీసుకుంటూ పాకుతుంది. పాదం మీద, పిరుదుల మీద, ఇసుకలో బోర్లా పడుకున్నవారి పొట్ట మీద ఎర్రగా ఉబ్బి, రాత్రంతా నిద్రపట్టనివ్వని ఆ గీతను చూసి తామర అనుకొని లేపనాలు రాసుకునేవారు ఉంటారు. ఆంకైలోస్టోమా సైలానికమ్ అనే మరో జాతి అక్కడితో ఆగదు. శ్రీలంక పాత పేరును తనలో నిలుపుకున్న ఈ పురుగు దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో కుక్కల్లోనూ పిల్లుల్లోనూ కనిపిస్తుంది. మనిషి పేగుల్లో కూడా పూర్తిగా ఎదిగి రక్తం పీల్చగలదు. మనుషుల మలవిసర్జనను మరుగుదొడ్లకు చేర్చిన ఊళ్లో సైతం, వీధి కుక్కల మలం నేల మీదే ఉన్నంతకాలం ఈ జాతికి దారి తెరిచే ఉంటుంది.

ఇవి కాక గజ్జిని కలిగించే పేనువంటి జీవులు, గోమార్లు, ఈగలు మోసే పురుగులు మరికొన్ని ఉన్నా, తెలుగు నేలకు సంబంధించినంతవరకు అన్నిటికన్నా లోతుగా పరిశీలించవలసినది హైడాటిడ్ వ్యాధి. దీనికి కారణం ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు. బద్దెపురుగు అనగానే మూరల పొడవున సాగేది గుర్తొస్తుంది గానీ, ఇది బియ్యపు గింజ పొడవుకు అటూ ఇటూగా, మూడు నాలుగు ఖండాలకు మించకుండా ఉంటుంది. ఒక కుక్క పేగులో ఇవి వేల సంఖ్యలో ఉన్నా ఆ కుక్క చిక్కదు, దగ్గదు, నీరసించదు. దాని మలంలో పడే గుడ్లు టాక్సోకారా గుడ్ల వలె వారాల తరబడి ఆగవు. బయటపడిన క్షణం నుంచే రోగకారకాలు. మేత మీద పడిన ఆ గుడ్లను గొర్రె గానీ మేక గానీ పశువు గానీ తింటే, డింభకం కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి, నీటితో నిండిన తిత్తిగా మెల్లగా పెరుగుతుంది. ఆ తిత్తిలో వందల వేల సూక్ష్మమైన పురుగు తలలు తయారవుతాయి. ఆ గొర్రెను కోసి, తిత్తి ఉన్న కార్జాన్ని పారేస్తే, దాన్ని తిన్న కుక్కలో ఒక్కో తల ఒక్కో పురుగవుతుంది. ఆరేడు వారాల్లో మళ్లీ గుడ్లు మొదలవుతాయి. ఈ చక్రంలో మనిషి దారితప్పి చిక్కుకున్న బాటసారి మాత్రమే. మనిషిలోనూ తిత్తి పెరుగుతుంది, పది మందిలో ఏడుగురికి కాలేయంలో, మిగిలినవారిలో ఎక్కువమందికి ఊపిరితిత్తుల్లో. ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా పెరిగి, ఏదో ఒకనాడు వేరే కారణానికి తీసిన స్కానింగ్‌లో బయటపడుతుంది. తిత్తి పగిలితే దానిలోని నీరు దేహమంతటా తీవ్రమైన ప్రతిచర్యను రేపి ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, శస్త్రచికిత్స చేసే వైద్యులు ఆ తిత్తిని తాకేటప్పుడు ఎంతో జాగ్రత్త పాటిస్తారు.

భారతదేశంలో ఈ వ్యాధి ఎక్కువగా నమోదయ్యే ప్రాంతాలను చెప్పేటప్పుడు వైద్యగ్రంథాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల పేర్లను ముందు వరుసలో పెడుతూ వచ్చాయి. దీని వెనక ఉన్న నేపథ్యం పశుగణనలోనే కనిపిస్తుంది. 2019 లెక్కల్లో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, కోటీ తొంభై లక్షల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం, కోటీ డెబ్భై లక్షల పైచిలుకు. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయన్నమాట. గొర్రె, కుక్క, మాంసం కొట్టు, మనిషి ఇంత దగ్గరగా మసిలే చోట ఈ పురుగుకు కావలసిన అంగాలన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి.

ఆదివారం ఉదయం ఏ పట్టణంలోనైనా మటన్ కొట్టు ముందు కాసేపు గమనించినవారికి ఆ చక్రం ఎలా తిరుగుతుందో అర్థమవుతుంది. తెల్లవారుజామునే కొట్టు వెనకో పక్క సందులోనో కోసిన గొర్రెల మాంసం కొక్కేలకు వేలాడుతూ ఉంటుంది. కొనేవారు తొడ, ఛాతీ, కార్జం, బోటి విడివిడిగా అడిగి తూకం వేయించుకుంటారు. కార్జం మీద తెల్లని పొర కప్పిన నీటిబుడగ కనిపిస్తే, అది కొనేవారికి నచ్చదని ఎరిగిన కొట్టు మనిషి ఆ ముక్కను కత్తితో చెక్కి, కాలి దగ్గరున్న డబ్బాలోనో మెట్ల కిందికో విసిరేస్తాడు. అక్కడ అప్పటికే నాలుగైదు కుక్కలు ముందుకాళ్ల మీద తల ఆనించి కాచుకొని ఉంటాయి. ఆ కొట్టు మనిషి చేసినదానిలో దురుద్దేశం ఏమీ లేదు, పైగా మూగజీవానికి ముద్ద పెట్టానన్న తృప్తి కూడా ఉండొచ్చు. కానీ మనుషులకు తగదని పక్కన పెట్టిన ఆ ముక్కే కుక్కకు వేల పురుగులను అందిస్తుంది. కబేళాల్లో పశువైద్యుడు పరీక్షించి ముద్ర వేయాలన్న నిబంధన వచ్చింది ఇందుకే. లైసెన్సు ఉన్న కబేళాలో జరిగే ఈ పరీక్ష సందులో కోసిన గొర్రెకు జరగదు. కోడి వ్యర్థాల సంగతి ఇక్కడ విడిగా చెప్పాలి. కోళ్లు హైడాటిడ్ పురుగును మోయవు కాబట్టి చికెన్ సెంటర్ల చెత్త నేరుగా ఈ వ్యాధిని వ్యాపింపజేయదు. కానీ ఒక వీధి ఎన్ని కుక్కలను పోషించగలదో నిర్ణయించడంలో దాని పాత్ర తక్కువది కాదు.

ఈ చక్రాన్ని తెంచడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఒక దేశం ఎప్పుడో జవాబిచ్చింది. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో ఐస్‌లాండ్‌లో ఏడుగురిలో ఒకరికి హైడాటిడ్ తిత్తి ఉందని అంచనా వేశారు. ఆ దేశంలోనూ గొర్రెలు ఎక్కువ, ఇంటింటా కుక్క, కోత కాలంలో పేగులూ కార్జమూ కుక్కలకే. జర్మన్ జంతుశాస్త్రవేత్త సీబోల్డ్ 1850ల తొలినాళ్లలో గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో ఈ బద్దెపురుగులు పెరగడాన్ని చూపించాడు. హరాల్డ్ క్రాబే అనే డేనిష్ వైద్యుడు 1863లో ఐస్‌లాండ్ వెళ్లి కుక్కలను కోసి పరీక్షించగా, నాలుగోవంతుకు పైగా కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. ఆయన వ్రాసిన చిన్న పుస్తకాన్ని 1864లో అచ్చువేసి ఐస్‌లాండ్ ప్రజలకు ఉచితంగా పంచారు. కుక్క ఏం తింటే ఏమవుతుందో, తిత్తి ఉన్న అవయవాలను ఎందుకు కాల్చివేయాలో లోతుగా పాతిపెట్టాలో అందులో వివరించి ఉంది. దీర్ఘమైన చలికాలపు రాత్రుల్లో కుటుంబమంతా చేరి బిగ్గరగా చదువుకునే అలవాటున్న ఆ సమాజంలో ఆ పుస్తకం వృథా కాలేదు. తర్వాత కుక్కలకు పురుగుమందు, వ్యర్థాలను పారవేసే తీరు మీద చట్టాలు వచ్చాయి. గొర్రెలను ఎగుమతి చేసే వ్యాపారం పెరిగి ఇంటి దగ్గర కోత తగ్గడం కూడా కలిసొచ్చింది. 1900 తర్వాత పుట్టిన తరాల్లో ఈ వ్యాధి దాదాపు కనిపించకుండా పోయింది. రాజధాని రేక్యావిక్ 1924లో కుక్కల పెంపకాన్నే నిషేధించి, 1984 దాకా ఆ నిషేధాన్ని సడలించలేదన్నదీ నిజమే. కానీ తరాల లెక్కలు చూస్తే నిషేధానికి ముందే వ్యాధి వెనుదిరిగిందని తెలుస్తుంది. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియాలోని తాస్మానియా, న్యూజిలాండ్ కూడా ఇదే మార్గంలో నడిచాయి. ప్రాజిక్వాంటెల్ అనే మందు చేతికి రావడంతో వాటి పని కొంత తేలికైంది. ఆ మూడూ ద్వీపాలే, సరిహద్దు దాటి కుక్కలు వచ్చే వీలు లేనివే అన్న అభ్యంతరం సబబైనదే. అయినా మాంసపు వ్యర్థాన్ని కుక్క నోటికి అందకుండా చేయడానికి ద్వీపం కానవసరం లేదు. మూత ఉన్న డబ్బా, దాన్ని రోజూ ఖాళీ చేసే బండి, తిత్తి ఉన్న అవయవాన్ని అరగంట పాటు మరిగించడమో కాల్చడమో చేసే ఏర్పాటు ఉంటే సరిపోతుంది.

ఇక తెలుగు పట్టణాల దగ్గరికి వస్తే, కుక్కల విషయం పురపాలక సంస్థలో పశువైద్య విభాగానిది, చెత్త విషయం పారిశుద్ధ్య విభాగానిది, మాంసం కొట్ల విషయం లైసెన్సులిచ్చే విభాగానిది, పిల్లల ఆరోగ్యం వేరే శాఖది. పురుగు మాత్రం ఈ నాలుగు బల్లల మధ్య ఉన్న ఖాళీలో హాయిగా తిరుగుతుంది. కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు 2001లో తొలిసారి, 2023లో సవరించిన రూపంలో వచ్చాయి. వాటి ప్రకారం కుక్కలకు శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటనే విడిచిపెట్టాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల కుక్కల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులో శస్త్రచికిత్స, టీకాలతో పాటు పురుగుల మందును కూడా చేర్చింది. ఆ ఒక్క మాటను ఎలా అమలు చేస్తారన్నదే అసలు విషయం. కుక్కకు జీవితంలో ఒక్కసారి ఇచ్చిన మందు ఆనాటికి ఉన్న పురుగులను మాత్రమే తొలగిస్తుంది, రేబిస్ టీకా వలె రక్షణను మిగల్చదు. మర్నాడు అది మళ్లీ అదే సందులో అదే కార్జం ముక్కను తింటే ఆరేడు వారాల్లో పరిస్థితి మొదటికొస్తుంది. ప్రాజిక్వాంటెల్ పెద్ద పురుగులను చంపుతుంది గానీ గుడ్లను చంపదు. మందు వేసిన తర్వాత కుక్క కేంద్రంలో ఉండే ఆ కొద్ది రోజుల మలాన్ని జాగ్రత్తగా ఎత్తి కాల్చివేయాలి. కాలువలోకి నీటితో కడిగేస్తే, ఒక బోను శుభ్రమై వీధి మొత్తం కలుషితమవుతుంది.

దీనికి భిన్నంగా, శస్త్రచికిత్స టాక్సోకారా మీద చేసే మేలు గురించి తగినంతగా ఎవరూ మాట్లాడడం లేదు. గుడ్లను నేలకు చేర్చేవాటిలో కూనలూ పాలిచ్చే తల్లులూ ముందున్నప్పుడు, చెవికి కోత గుర్తు పెట్టి వదిలిన ప్రతి ఆడకుక్క రాబోయే ఏళ్లలో పుట్టబోయే ఎన్నో కూనలను, వాటితో పాటే కోట్ల గుడ్లను ఆపుతుంది. కనుక సంతాన నియంత్రణను కాట్ల సంఖ్యతో మాత్రమే కొలిచి, తగ్గలేదని పెదవి విరిచేవారు దాని ఫలితాన్ని సగమే చూస్తున్నారు. ఈలోపు పుట్టిన కూనలకు రెండు వారాల వయసు నుంచి పక్షానికొకసారి పైరాంటెల్ వంటి మందు పట్టించడం పెద్ద ఖర్చు కాదు. రోజూ కుక్కలకు అన్నం పెట్టే కాలనీవాసులకు పశువైద్యశాల నుంచి ఆ మందు అందిస్తే, ఆ కూనలు ఎక్కడ ఎప్పుడు పుట్టాయో అందరికంటే ముందు తెలిసేది వారికే కాబట్టి, పని ఇంకా తేలికవుతుంది. అదే సూత్రం మందలకూ వర్తిస్తుంది. గొర్రెలకు ఏటా నట్టల మందు పట్టించే కార్యక్రమానికి వచ్చిన సిబ్బంది చేతిలో, మందను కాచే కుక్కకు కూడా ఒక ప్రాజిక్వాంటెల్ మాత్ర ఉండాలి.

కుక్కలకు మేత పెట్టే చోట్లను పిల్లల ఆటస్థలాలకు దూరంగా గుర్తించాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. కాట్లను దృష్టిలో పెట్టుకొని రాసిన ఆ నియమం పురుగుల విషయంలోనూ అంతే విలువైనది, ఎందుకంటే కుక్క కడుపు నిండిన కాసేపటికే, తిన్న చోటికి అంత దూరం పోకుండానే మలం విసర్జిస్తుంది. ఆటస్థలంలోని ఇసుకతొట్టి మీద రాత్రిళ్లు వలో మూతో కప్పి పగలు ఎండకు వదలాలి, ఎప్పుడూ కప్పి ఉంచిన ఇసుకలో తేమ నిలిచి గుడ్లకు అనుకూలమవుతుంది. తెలుగు ప్రాంతపు వేసవి ఎండకు నేరుగా ఎండిన నేల మీద గుడ్లు నిలవలేవు. ప్రమాదమంతా వానాకాలం, చలికాలాల్లోనూ, ఏడాది పొడవునా నీళ్లు పెట్టే పార్కు పచ్చికలో చెట్ల నీడ పడే చోట్లలోనూ ఉంది. అటువంటి చోట్ల మట్టిని పరీక్షించడం అత్యాధునిక విద్యేమీ కాదు. పైపొర నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతున తీసిన పిడికెడు మట్టిని సబ్బునీటిలో నానబెట్టి, జల్లెడ పట్టి, అడుగుకు చేరినదాన్ని బాగా చిక్కని ఉప్పునీటిలో కలిపితే, మట్టి కిందికి దిగి, దానికంటే తేలికైన గుడ్లు పైకి తేలతాయి. ఆ పైపొరను గాజుపలక మీదికి తీసుకొని సూక్ష్మదర్శిని కింద పెడితే చాలు. ఏ పశువైద్య కళాశాల విద్యార్థి అయినా చేయగల ఈ పరీక్షను నగరంలోని పార్కులకు ఏడాదికి రెండుసార్లు చేయించి, ఫలితాన్ని పార్కు గేటు దగ్గరే బోర్డు మీద రాసి పెడితే, చేతులు సబ్బుతో కడగాలన్న మాట పిల్లల తల్లిదండ్రులకు మరొకరు చెప్పవలసిన పని ఉండదు.

కుక్కలన్నిటినీ ఒక్కసారిగా తరలించడమే పరిష్కారమన్న వాదన వింటున్నప్పుడు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. తిండి దొరికే వీధి ఖాళీగా ఉండదు. పక్క వీధి నుంచి వచ్చే కొత్త కుక్క ఏ పురుగులతో వస్తుందో ఎవరికీ తెలియదు, దానికి టీకా ఉండదు, మందూ పడి ఉండదు. పైగా అప్పటికే నేలలో ఉన్న గుడ్లు కుక్కలతో పాటు బండి ఎక్కి వెళ్లవు, అవి నెలల తరబడి అక్కడే ఉంటాయి.

ఆ నేలను ప్రతిరోజూ తాకేవారు పారిశుద్ధ్య కార్మికులు. కుక్క మలాన్ని ఎత్తేది వారే, మాంసం కొట్ల వ్యర్థాల డబ్బాలను ఎత్తిపోసేది వారే, వానకు కరిగిన మట్టిని కాలువల్లోంచి తోడేది వారే. వారిలో చాలామంది ఇప్పటికీ చెప్పులతోనే, కొన్నిచోట్ల వట్టి చేతులతోనే పనిచేస్తున్నారు. కొంకిపురుగు వట్టి పాదాన్ని వెతుక్కుంటుందని తెలిసిన తర్వాత, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, చిరగని చేతితొడుగులు, పని ముగిసే చోట నీళ్లు, సబ్బు వారికి అందాలి. ఏడాదికొకసారి వారి రక్తహీనతనూ ఇయోసినోఫిల్ కణాలనూ పరీక్షించి, కడుపు పైభాగానికి ఒక స్కానింగ్ చేయిస్తే, లోపల మెల్లగా పెరుగుతున్న తిత్తి ఏదైనా ఉంటే పగలకముందే వైద్యుల కంట పడుతుంది.